ఒడ్డున అరగంట: చిన్న బోటు ఉన్న మత్స్యకారులకు కాగితాలు, బోటు సంరక్షణ, సముద్రంలో భద్రత

ఈ పీడీఎఫ్ ఎవరి కోసం?

ఫైబర్ బోటు, నాటు పడవ, తెప్ప... వీటిలో ఏది ఉన్నా ఇది మీ కోసమే. బోటు సొంతం కాకపోయినా, కలాసీగా వేటకు వెళ్తున్నా మీ కోసమే. ఇంట్లో ఎదురుచూసే వాళ్ల కోసం కూడా ఇందులో ఒక భాగం ఉంది. ఫోన్‌లో దాచుకోండి. చదవడం రాని వాళ్లకు చదివి వినిపించండి.

ముందుగా ఒక్క మాట. సముద్రంలో ప్రమాదం ముంచుకొచ్చాక మనం చేయగలిగింది చాలా తక్కువ. మనిషి ప్రాణాలతో తిరిగి రావడానికీ, ఏదైనా జరిగితే ఇంటికి సాయం అందడానికీ కావాల్సిన పనులన్నీ ఒడ్డునే జరగాలి. కాగితాలకు ఏడాదిలో రెండు మూడు రోజులు, వేటకు వెళ్లే ప్రతిసారీ ఒడ్డున అరగంట. అంతకంటే ఎక్కువ పట్టదు.

ఎందుకు చెప్తున్నామంటే, ఇలా అనుకుందాం. ఒక ఫైబర్ బోటులో నలుగురు వేటకు వెళ్లారు. బోటు పాత యజమాని పేరు మీదే ఉంది, కొన్నాయన పేరు మార్పించుకోలేదు. నలుగురిలో ఒకరి పేరే మత్స్యశాఖ జాబితాలో ఉంది. అల కొట్టి బోటు తిరగబడింది, ఒక కలాసీ చనిపోయాడు. ఆయన పేరు జాబితాలో లేదు. ఆ రోజు ఆయన ఆ బోటులోనే ఉన్నాడని రుజువు చేసే కాగితం ఒక్కటీ లేదు. ఆయన భార్య ఇప్పుడు ఆఫీసుల చుట్టూ తిరగాలి. బతికున్నప్పుడు పది నిమిషాల్లో అయ్యే పని, పోయాక నెలల తరబడి సాగుతుంది. మీ ఇంటికి ఆ పరిస్థితి రాకూడదు.

1. బోటు కాగితాలు

"నాది చిన్న బోటు కదండీ, దానికి కూడా రిజిస్ట్రేషన్ కావాలా?"

కావాలి. మరబోటైనా, ఇంజిన్ పెట్టిన ఫైబర్ బోటైనా, ఇంజిన్ లేని పడవైనా మత్స్యశాఖ దగ్గర నమోదు కావాలి. మన రాష్ట్రంలో వేటకు సంబంధించిన నియమాలు 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట క్రమబద్ధీకరణ చట్టం కింద నడుస్తాయి. నమోదు రియల్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో జరుగుతుంది. మీరు స్వయంగా చేయలేకపోతే గ్రామ సచివాలయంలోని మత్స్య సహాయకుడిని గానీ, ఊళ్లో ఉన్న సాగర మిత్రను గానీ అడగండి.

నమోదయ్యాక వచ్చే నంబరులో మొదట దేశం, తర్వాత రాష్ట్రం, ఆ తర్వాత రేవుకు చెందిన గుర్తు, తర్వాత బోటు రకం, చివర మీ అంకె ఉంటాయి. రకం తెలిపే రెండక్షరాలు ఇవి: మరబోటుకు ఎంఎం, ఇంజిన్ పెట్టిన చిన్న బోటుకు ఎంఓ, ఇంజిన్ లేని దానికి ఎన్ఎం. మీ కాగితం తీసి ఒకసారి చూసుకోండి. ఇంజిన్ పెట్టి చాలా ఏళ్లైనా కాగితంలో ఇంకా ఎన్ఎం అనే ఉంటే మార్పించుకోండి. డీజిల్ రాయితీ, బీమా లాంటివన్నీ ఆ రకాన్ని బట్టే నడుస్తాయి.

గుర్తుంచుకోవాల్సినవి:

• రిజిస్ట్రేషన్ వేరు, లైసెన్సు వేరు. బోటు ఎవరిదో రిజిస్ట్రేషన్ చెప్తుంది. ఆ బోటుతో వేటకు అనుమతి ఉందని లైసెన్సు చెప్తుంది. లైసెన్సుకు గడువు ఉంటుంది. గడువు తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద ఎర్ర గుండ్రం చుట్టి పెట్టండి.

• పాత బోటు కొంటే స్టాంపు పేపరు మీద రాసుకుంటే సరిపోదు. రిజిస్ట్రేషన్ మీ పేరుకు మారాలి. అమ్మిన వాళ్లు కూడా పట్టించుకోవాలి. మీ పేరు మీదే ఉన్న బోటుతో ఇంకొకరు తప్పు చేస్తే, ముందు వచ్చేది మీ ఇంటికే.

• యజమాని చనిపోతే వారసుల పేరుకు మార్పించుకోండి. తండ్రి పేరు మీదున్న బోటుతో కొడుకులు ఏళ్ల తరబడి వేటాడతారు. సాయం వచ్చే వేళకు ఆ పేరు అడ్డుపడుతుంది.

• నంబరును బోటు ముందు భాగంలో రెండు వైపులా, దూరం నుంచి కనిపించేంత పెద్దగా రాయించండి. రంగు వెలిసిపోతే మళ్లీ వేయించండి. గాలింపు జరిగేటప్పుడు హెలికాప్టర్‌లో ఉన్నవాళ్లకు, పెట్రోలింగ్ బోటు వాళ్లకు కనిపించేది ఆ నంబరే.

• ఇంజిన్ బిల్లు, బోటు కట్టిన యార్డు ఇచ్చిన రసీదు, లైసెన్సు, బీమా పత్రం అన్నీ ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచండి. అసలు కాగితాలు ఇంట్లో ప్లాస్టిక్ కవర్‌లో పెట్టండి.

ఇంకొకటి. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల వరకు ఉన్న నీళ్లు సంప్రదాయ బోట్ల వేట కోసం కేటాయించినవి. మరబోట్లు దాని అవతలే వేట చేయాలి. మీ వలల్ని మరబోటు తెంపుకుపోతే గొడవకు దిగకండి. ఆ బోటు నంబరు, సమయం, చోటు రాసుకుని మత్స్యశాఖకు, మెరైన్ పోలీసులకు ఫిర్యాదు చేయండి. వీలైతే ఫోటో తీయండి.

2. మనుషుల కాగితాలు

బోటు కంటే ముందు చూసుకోవాల్సింది మనుషులను. బోటు ఎక్కే ప్రతి ఒక్కరికీ ఈ మూడు ఉండాలి:

• మత్స్యకారుడిగా గుర్తింపు కార్డు, ఆధార్.

• ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతా. ఖాతా ఉండి ఆధార్ కలవకపోతే డబ్బు జమ కాదు, వెనక్కి పోతుంది. ఖాతా ఆడుతోందో లేదో బ్యాంకులో అడిగి చూసుకోండి.

• ప్రమాద బీమా జాబితాలో పేరు.

ఈ బీమా గురించి కొంచెం వివరంగా. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకు సామూహిక ప్రమాద బీమా ఉంది. వయసు 18 నుంచి 70 ఏళ్లు. ప్రీమియం మీరు ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. కేంద్రం, రాష్ట్రం కలిసి కడతాయి.

ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా: 5 లక్షల రూపాయలు.
శాశ్వత పాక్షిక వైకల్యం వస్తే: 2.5 లక్షల రూపాయలు.
ప్రమాదం వల్ల ఆసుపత్రిలో చేరితే: 25,000 రూపాయల వరకు.

ఉచితం కదా, మన పేరు అదే ఉంటుందిలే అనుకోవద్దు. శాఖ పంపిన జాబితాలో పేరు ఉంటేనే వర్తిస్తుంది. నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, ఇంటిపేరు సరిగ్గా పడిందా అనేవి సచివాలయంలో ఒకసారి చూపించమని అడగండి. పెళ్లయ్యాక చాలామంది నామినీని మార్చుకోరు. అమ్మ పేరే ఉండిపోతుంది. తర్వాత ఇంట్లో తగువులు వస్తాయి.

బోటు యజమానులకు ఒక మనవి. ఈసారి కొత్తగా వచ్చిన కలాసీ పేరు జాబితాలో ఉందో లేదో మీరే కనుక్కోండి. పక్క ఊరి నుంచి, పక్క జిల్లా నుంచి పనికి వచ్చిన కుర్రాడికి ఇక్కడి సచివాలయం తెలియదు. అతని పేరు రాయించే బాధ్యత మీరే తీసుకోండి.

ఈ బీమా మనుషులకే, బోటుకు కాదు. బోటు మునిగినా, కాలినా పరిహారం రావాలంటే బోటుకు విడిగా బీమా చేయించాలి. 2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో మంటలు ఒక బోటు నుంచి ఇంకో బోటుకు పాకి, పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. మన తప్పు లేకపోయినా పక్క బోటు వల్ల మన బతుకుతెరువు పోవచ్చని ఆ రాత్రి చూశాం. బోటు మీద నిలవ ఉంచిన డీజిల్, గ్యాస్ సిలిండర్ మంటకు ఇంకా బలం ఇస్తాయి. రేవులో కట్టేసి ఇంటికి వెళ్లేటప్పుడు వాటిని దించేసి వెళ్లండి.

3. నిషేధ కాలం: డబ్బు రావడానికీ, బోటు బాగుచేసుకోవడానికీ

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రెండు నెలలు వదిలేస్తేనే మిగతా పది నెలలు వలలో ఏదైనా పడుతుంది.

ఈ కాలంలో మత్స్యకార కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలకు పెరిగింది. ఆ ఏడాది ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో "మత్స్యకార సేవలో" పేరుతో ఈ పథకం మొదలైంది.

డబ్బు ఆగిపోయే చోట్లు సాధారణంగా ఇవే:

• నిషేధం మొదలయ్యాక బృందాలు రేవుకు వచ్చి బోట్లను, కలాసీలను లెక్కిస్తాయి. ఆ రోజు బోటు ఒడ్డున ఉండాలి. మనిషి కూడా ఉండాలి.

• బోటు రిజిస్ట్రేషన్, లైసెన్సు గడువు దాటకుండా ఉండాలి.

• ఒకే మనిషి పేరు రెండు బోట్లలో రాస్తే రెండూ పోతాయి.

• అర్హుల జాబితాను సచివాలయంలో అతికిస్తారు. వెళ్లి చూడండి. పేరు లేకపోతే గడువులోపే అర్జీ రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి. "చెప్పాం కదా" అంటే లెక్కలోకి రాదు. కాగితం మీద ఉండాలి.

డీజిల్ రాయితీ లీటరుకు 9 రూపాయలు. ఇంజిన్ పెట్టిన చిన్న బోటుకు నెలకు 300 లీటర్ల వరకు, మరబోటుకు 3,000 లీటర్ల వరకు. ఇది కూడా రిజిస్ట్రేషన్ సరిగ్గా ఉన్న బోట్లకే.

ఇంజిన్ మరమ్మతుకు, వలలకు డబ్బు కావాలంటే షావుకారు దగ్గరికి వెళ్లే ముందు బ్యాంకులో కిసాన్ క్రెడిట్ కార్డు అడగండి. 2018-19 నుంచి ఇది మత్స్యకారులకు కూడా ఉంది. నిర్ణీత పరిమితి వరకు వడ్డీ 7 శాతం, గడువులోపు కడితే 3 శాతం తగ్గి చివరికి 4 శాతమే పడుతుంది. షావుకారు అప్పుకు వడ్డీ లేనట్టే కనిపిస్తుంది. కానీ చేపలు ఆయనకే, ఆయన చెప్పిన ధరకే వేయాల్సి వస్తుంది. అసలు వడ్డీ అక్కడ ఉంది.

4. బోటు సంరక్షణ

నిషేధ కాలంలో బోటు ఒడ్డున ఖాళీగా ఉంటుంది. పెద్ద పనులన్నీ అప్పుడే పెట్టుకోండి.

ఫైబర్ బోటుకు

• బోర్లించి, మంచినీళ్లతో కడిగి, ఎండనివ్వండి. తర్వాత చేత్తో తట్టుతూ అంతా చూడండి. గట్టి చోట ఒక శబ్దం వస్తుంది, లోపల నాని ఊడిన చోట బోలుగా వినిపిస్తుంది. అక్కడ గుర్తు పెట్టండి.

• వెంట్రుకంత పగులు కనిపించినా వదలొద్దు. పైన రంగు పూసి కప్పేస్తే లోపలికి నీళ్లు దిగుతూనే ఉంటాయి. పగులు చుట్టూ గీకి, పూర్తిగా ఆరాకే మ్యాట్, రెజిన్ వేయించండి. తడి మీద వేసిన రెజిన్ పట్టదు, మూడు నెలల్లో ఊడి వస్తుంది.

• ఇంజిన్ బిగించే వెనక పలక బోల్టులు చూడండి. ఆ పలక మెత్తబడితే నడిసముద్రంలో ఇంజిన్ ఊడి పడిపోవచ్చు.

• బోటు మునిగినా తేలేలా లోపల ఫోమ్ నింపిన గదులు ఉంటాయి. ఐసు, వలలు పెట్టుకోవడానికి చోటు చాలక కొందరు వాటిని కోసి వాడుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. బోటు తిరగబడిన రోజు మీరు పట్టుకుని వేలాడేది దాన్నే. ఫోమ్ నీళ్లు పీల్చి బరువెక్కితే తీసి కొత్తది పెట్టించండి.

చెక్క పడవకు

• పలకల సందుల్లో వేసిన కూరుడు ఊడిందేమో చూసి మళ్లీ వేయించండి. చెక్కను తొలిచే పురుగు బయటికి చిన్న చుక్కలా కనిపిస్తుంది, లోపల సొరంగమే ఉంటుంది. మేకుతో గుచ్చి చూడండి. సులువుగా దిగితే ఆ పలక మార్చాలి.

• బాగా ఆరాక జీడి నూనె గానీ, మీ ఊళ్లో వాడే పూత గానీ రెండు సార్లు పట్టించండి.

ఇంజిన్‌కు

• ఔట్‌బోర్డు ఇంజిన్‌ను వేట నుంచి రాగానే మంచినీళ్ల డ్రమ్ములో పెట్టి అయిదు నిమిషాలు తిప్పండి. లోపల ఉప్పు పేరుకుంటే నీటి దారి మూసుకుపోయి ఇంజిన్ వేడెక్కి పట్టేస్తుంది.

• గేరు ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు వెళ్తున్నట్టు లెక్క. సీలు మార్పించండి. ఫ్యాన్ వెనక వల దారం చుట్టుకుంటే ఆ సీలే కోసుకుపోతుంది. అందుకే ఫ్యాను విప్పి అప్పుడప్పుడు చూడాలి.

• డబ్బాల్లోని ఇంధనంలో నీళ్లు కలిస్తే ఇంజిన్ సరిగ్గా అలల మధ్యే ఆగుతుంది. ఫిల్టర్ శుభ్రం చేయండి. డబ్బా అడుగున మిగిలిన దాన్ని ట్యాంకులో పోయకండి.

• బోటులో ఒక చిన్న పెట్టె ఉంచండి. అందులో ప్లగ్గు, ఫ్యాను పిన్ను, స్టార్టింగ్ తాడు, ప్లయరు, స్పానర్లు, టేపు, కొంచెం గ్రీజు. అన్నీ కలిపి అయ్యే ఖర్చు, బోటును ఇంకొకరితో లాగించుకునే ఒక్కసారి ఖర్చు కంటే తక్కువ.

5. బయల్దేరే ముందు అరగంట

వాతావరణం. వాతావరణ శాఖ మత్స్యకారులకు రానున్న 5 రోజుల హెచ్చరికలు ఇస్తుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, గాలి, చేపలు దొరికే చోట్ల సమాచారం ఇస్తుంది. చిన్న బోట్ల కోసం విడిగా హెచ్చరిక సేవ కూడా నడుపుతోంది. వాళ్ల సముద్ర యాప్ ఫోన్‌లో వేసుకోండి.

వార్తల్లో వినే మాటల అర్థం ఇది. వాయుగుండం అంటే గాలి గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లు. తీవ్ర వాయుగుండం అంటే 50 నుంచి 61. తుపాను అంటే 62 నుంచి 88. తీవ్ర తుపాను అంటే 89 నుంచి 117.

"ఓడరేవుల్లో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక" అని విన్నప్పుడు, ఒకటే కదా, పదకొండు వరకు ఉన్నాయి కదా అని కొందరు తేలిగ్గా తీసుకుంటారు. ఆ నంబర్లు రేవులకు, పెద్ద ఓడలకు సంబంధించినవి. ఒకటో నంబరు అంటే దూరాన సముద్రంలో వాయుగుండం ఉందని. ఓడకు అది దూరం కావచ్చు. ఇరవై, ముప్పై అడుగుల బోటుతో మీరు వెళ్లేది ఆ సముద్రంలోకే. వేటకు వెళ్లవద్దని చెప్పిన రోజు వెళ్లొద్దు. ఒడ్డున ఎండ కాస్తున్నా వెళ్లొద్దు.

ఇంధనం. మూడు వంతుల లెక్క పాటించండి. ఒక వంతు వెళ్లడానికి, ఒక వంతు రావడానికి, ఒక వంతు అనుకోని దానికి. ఇంధనం నింపేటప్పుడు బీడీ, సిగరెట్ వద్దు.

బరువు. బోటు అంచు నీటి మీద ఎంత ఎత్తున ఉందో చూడండి. బరువు కిందికి, మధ్యకి ఉండాలి. తడిసిన వల, చేపల బరువు వచ్చేటప్పుడు ఉంటుంది కాబట్టి వెళ్లేటప్పుడే నిండుగా వెళ్లకండి.

లైఫ్ జాకెట్. ఎంతమంది ఎక్కితే అన్ని జాకెట్లు. వాటిని దిండుగా, కూర్చునే పీటగా వాడితే ఫోమ్ నలిగి తేలే శక్తి తగ్గుతుంది. ఏడాదికోసారి ఒడ్డు దగ్గర లోతు తక్కువ నీళ్లలో వేసుకుని తేలుతుందో లేదో చూడండి. మూల పడేసిన జాకెట్ ప్రాణం కాపాడదు. అలలు దాటేటప్పుడు, రాత్రి పూట, ఒంటరిగా ఉన్నప్పుడు, గాలి మొదలైనప్పుడు వేసుకునే ఉండాలి. "ఈత వచ్చులే" అనకండి. తల బోటు చెక్కకు తగిలి స్పృహ తప్పిన వాడికి ఈత పనికిరాదు.

మిగతా సరంజామా. లంగరు, పొడవాటి తాడు, నీళ్లు తోడే బకెట్, టార్చి, ఈల, తాగే నీళ్లు, వాటర్‌ప్రూఫ్ కవర్‌లో ఫోన్, మెరిసే రంగు గుడ్డ ఒకటి.

ట్రాన్స్‌పాండర్. ఇస్రో సాంకేతికతతో తయారైన నభమిత్ర పరికరాన్ని కేంద్ర పథకం కింద బోట్లకు ఉచితంగా అమరుస్తున్నారు. ఫోన్ సిగ్నల్ లేని చోట కూడా ఉపగ్రహం ద్వారా సందేశాలు వస్తాయి, ఆపదలో మీరు పంపొచ్చు. వేట చోటు ఇతరులకు తెలిసిపోతుందని దాన్ని ఆపేయకండి. చేపల గుట్టు ఇంకో రోజైనా దాచుకోవచ్చు.

6. సముద్రంలో

అలలు విరిగే చోటు, మొగ (నది సముద్రంలో కలిసే చోటు). చిన్న బోట్లకు నడిసముద్రం కంటే ఇక్కడే ప్రమాదం ఎక్కువ. పాటు తీసే వేళ నది నీళ్లు బయటికి తోస్తుంటే, ఎదురుగా కెరటాలు వస్తే అవి నిటారుగా లేచి విరుగుతాయి. తొందరపడకండి. కాసేపు ఆగి అలల వరుస చూడండి. పెద్దవి వెళ్లాక కొంచెం నెమ్మదించే వేళ ఉంటుంది. అప్పుడు బోటు మొనను అలకు ఎదురుగా పెట్టి దాటండి. అడ్డంగా తిరగనివ్వద్దు. తిరిగి వచ్చేటప్పుడు అల వీపు మీద ఉండేలా వేగం చూసుకోండి, అలను దాటి ముందుకు దూకించకండి. అనుమానంగా ఉంటే పోటు వచ్చే వరకు బయటే ఆగండి. చేపలు పాడైతే పాడవుతాయి.

ఇంజిన్ ఆగిపోతే. లోతు తక్కువైతే వెంటనే లంగరు వేయండి. లోతు ఎక్కువైతే బకెట్టో, వల ముద్దో పొడవైన తాడుకు కట్టి ముందు మొన నుంచి నీళ్లలో వదలండి. అది నీళ్లలో ఈడ్చుకుంటూ ఉంటే మొన అలల వైపే ఉంటుంది, బోటు అడ్డం తిరగదు.

బోటు తిరగబడితే. బోటును వదలకండి. ఒడ్డు దగ్గరే కనిపిస్తున్నా ఈదడానికి బయల్దేరకండి. నీళ్ల మీద ఒక తల కంటే బోర్లా పడిన బోటు వెతికే వాళ్లకు సులువుగా కనిపిస్తుంది. అందరూ ఒక దగ్గర ఉండి, లెక్క చూసుకోండి. రాత్రయితే టార్చి, పగలైతే రంగు గుడ్డ ఊపండి.

ఉరుములు, మెరుపులు వస్తే. వీలైతే ముందే ఒడ్డుకు చేరండి. కుదరకపోతే కిందికి కూర్చోండి. ఇనుప స్తంభాన్ని, తడి తాడును పట్టుకోకండి.

ఫోన్ చేసేటప్పుడు ఇవి చెప్పండి: బోటు నంబరు, ఎంతమంది, ఏమైంది, ఎక్కడ. సిగ్నల్ సరిగ్గా లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది. అక్షాంశం, రేఖాంశం చూడడం ఒడ్డున ఉన్నప్పుడే పిల్లల దగ్గర నేర్చుకోండి.

7. పండగ రోజు సరదా షికారు

కార్తీక పౌర్ణమికో, మాఘ పౌర్ణమి సముద్ర స్నానాలకో ఊరికి చుట్టాలు వస్తారు. "బావా, ఒక్క రౌండు తిప్పు" అంటారు. బయటివాళ్లు డబ్బులిస్తామంటారు. మీ బోటు వేట కోసం నమోదైంది. ప్రయాణికులను ఎక్కిస్తే అది నిబంధనలకు విరుద్ధం, బీమా పరిహారం కూడా చిక్కుల్లో పడుతుంది. 2017 నవంబరు 12న కృష్ణా నదిలో ఇబ్రహీంపట్నం దగ్గర అనుమతి లేని బోటు బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి పదుల కుటుంబాలు అన్యాయమైపోయాయి. అవి నదులు. మనది సముద్రం.

పిల్లలకు బోటు చూపించాలనుంటే ఒడ్డున ఉన్నప్పుడే ఎక్కించండి. మీ పిల్లలకైతే జాకెట్ ఎలా వేసుకోవాలో, లంగరు ఎలా వేయాలో ఆటలాగా నేర్పండి. అదీ సరదాయే, రేపు పనికొచ్చే సరదా.

8. ఇంట్లో వాళ్లకు: చెప్పి వెళ్లే చీటీ

అక్కా, అమ్మా, ఈ భాగం మీకు. మీ ఇంటాయన, కొడుకు బయల్దేరే ముందు ఈ వివరాలు చీటీ మీద రాయించి తీసుకోండి. రాయడం రాకపోతే ఫోన్‌లో మాట రికార్డు చేయించుకోండి.

• బోటు నంబరు, రంగు.
• బోటు ఎక్కిన ప్రతి మనిషి పేరు, ఫోన్ నంబరు.
• ఏ రేవు నుంచి, ఏ వైపుకు, ఎంత దూరం.
• బయల్దేరిన తేదీ, వేళ.
• తిరిగి వచ్చే వేళ.
• "ఇన్ని గంటలకు రాకపోతే ఫోన్ చెయ్యి" అని ఒక వేళ.

ఆ చివరి వేళ చాలా ముఖ్యం. అది దాటాక, "వస్తాడులే, చేపలు ఎక్కువ పడి ఉంటాయి" అని తెల్లారే దాకా ఆగకండి. ముందు తోటి బోట్ల వాళ్లను అడగండి. తెలియకపోతే వెంటనే కింది నంబర్లకు చెప్పండి. క్షేమంగా వచ్చేస్తే ఇంకో ఫోన్ చేసి వచ్చేశారని చెప్తే చాలు. ముందే చెప్పినందుకు ఎవరూ తప్పు పట్టరు. ఆలస్యమైన కొద్దీ ప్రవాహం మనిషిని దూరం తీసుకుపోతుంది, వెతకాల్సిన మేర పెరుగుతుంది.

మనిషి కనిపించకపోతే అదే రోజు మెరైన్ పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు తీసుకోండి. చీటీ అక్కడ చూపించండి. ఆయన ఆ రోజు ఆ బోటులో వెళ్లాడనడానికి ఆ చీటీ ఒక ఆధారం. మత్స్య సహాయకుడికి కూడా వెంటనే తెలియజేయండి. ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లు బీమా పనికి కావాలి. సాయం ఇప్పిస్తానని కమీషన్ అడిగే మధ్యవర్తిని నమ్మకండి. దరఖాస్తు సచివాలయంలోనే ఇవ్వండి, రసీదు తీసుకోండి.

9. గోడ మీద రాసి పెట్టుకోవాల్సిన నంబర్లు

తీర రక్షక దళం (కోస్ట్ గార్డ్), సముద్రంలో ఆపద: 1554
మెరైన్ పోలీసులు: 1093
అన్ని అత్యవసరాలకు: 112
అంబులెన్సు: 108
రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ: 1070, 1800 425 0101

ఈ వారం చేయాల్సిన అయిదు పనులు

1. బోటు కాగితం తీసి పేరు, రకం, లైసెన్సు గడువు చూడండి.
2. బోటు ఎక్కే అందరి పేర్లు బీమా జాబితాలో ఉన్నాయో సచివాలయంలో అడగండి. నామినీ పేరు సరిచూడండి.
3. బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిసిందో లేదో చూడండి.
4. జాకెట్లు లెక్కపెట్టి, నీళ్లలో వేసి చూడండి.
5. చీటీ రాయడం ఈ వేట నుంచే మొదలుపెట్టండి.

ఈ పీడీఎఫ్‌ను మీ బోటు వాళ్లకు, మీ రేవు వాట్సాప్ గ్రూపుకు పంపండి. కొత్తగా పనిలో చేరిన కలాసీకి తప్పకుండా పంపండి.